ఒక నంబరు పెద్దది

ఆ బస్సు నిన్న ఇంత లేదు. నిన్న సాయంత్రం ఆమె పని నుంచి వస్తూ ఇలాంటి దానిలోనే ఎక్కింది, ఇదే రంగు, ఇదే పొడవు, కిటికీ పక్కన కూర్చుని ఉల్లిపాయల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది, అప్పుడు బస్సు బస్సంతే ఉంది. ఇప్పుడు, డ్రైవింగు పరీక్ష జరిగే మైదానంలో కంచె పక్కన ఇనుప బల్ల మీద కూర్చుని, ఒళ్ళోని చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని చూస్తుంటే, ఎవరో ఇంటికి చక్రాలు బిగించి తెచ్చి అక్కడ నిలబెట్టినట్టుంది. ఆ ఇంటి కిటికీలో కూతురి తల. తల కూడా కాదు, చుట్టి పెట్టుకున్న ముడీ నుదురూ, అంతే; మిగతా మనిషంతా కిటికీ కిందెక్కడో ఉంది. స్టీరింగు చూడబోతే పదిమందికి వడ్డించే పళ్ళెమంత. బ్రేకు ఎంత ఉంటుందో, ఎంత దూరంలో ఉంటుందో, కాలు అందుతుందో లేదో, అందకపోతే సీటు అంచుకి జారి కూర్చుంటుంది, జారి కూర్చుంటే అద్దం కనిపించదు, అద్దం కనిపించకపోతే... ఇక అక్కడితో ఆలోచన ఆపాలని చేతిసంచి జిప్పు తీసి, వేసి, మళ్ళీ తీసింది.

జరగాల్సిన పని చెప్పుకుంటే ఒక్క ముక్కే. మైదానం ఈ చివర, బల్లకి యాభై అడుగుల దూరంలో, రెండు ఎర్ర డ్రమ్ములు నిలబెట్టారు. బస్సు వెనక్కి నడిచి వచ్చి వాటి మధ్యలోంచి దూరి, తెల్ల గీత దగ్గర ఆగాలి. డ్రమ్ముకి తగలకూడదు. మధ్యలో ఆగకూడదు. ఇన్‌స్పెక్టరు పొద్దున్నే టేపు పట్టి అందరికీ చూపించాడు, బస్సు వెడల్పు పోను అటొక జాన, ఇటొక జాన. జాన అంటే ఎవరి జాన, ఆయన చెయ్యి చేటంత ఉంది, ఆ చేతికి ఏదైనా జానెడే. ఇది రెండోసారి. ఈసారి తప్పితే మళ్ళీ ఆరు నెలల దాకా రానివ్వరు, బస్సు డిపోలో ఖాళీగా ఉన్న డ్రైవరు ఉద్యోగం నెలాఖరు దాకే ఉంటుంది. కూతురికి ఇరవై నాలుగేళ్ళు. రెండేళ్ళుగా పగలంతా బట్టల కొట్లో నిలబడి, తెల్లారకముందే లేచి వెళ్ళి బస్సు నేర్చుకుంది. అంత పెద్దది నీకెందుకే అంటే, "పెద్దదనే కదమ్మా," అంటుంది. అదొక కారణమా.

పక్కన కూర్చున్న పెద్దమనిషి తమ్ముణ్ణి తీసుకొచ్చాడట. ఆ తమ్ముడు చొక్కా గుండీలు పట్టనంత ఛాతీతో అవతల తిరుగుతున్నాడు. పెద్దమనిషి ఇటు తిరిగి, "మీవాడి టర్ను ఎప్పుడమ్మా?" అన్నాడు.

"వాడు కాదండీ, మా అమ్మాయి. ఆ బస్సులో ఉంది."

ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. "ఎక్కడా? నాకు స్టీరింగొక్కటే కనిపిస్తోంది."

"దాని వెనకే ఉందండీ."

"ఓహో. పట్టుకుందా, వేలాడుతోందా?"

"పట్టుకునే ఉంది," అంది ఆమె. ఆయన నవ్వాడు గానీ ఆమెకి నవ్వు రాలేదు. తనూ అదే చూస్తోంది మరి.

మొదటిసారి తప్పింది కూతురి వల్ల కాదు, ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనరు. ఇదే బల్ల, ఇవే డ్రమ్ములు, బస్సు వెనక్కి వస్తూ ఉంది, ఆమెకి ఉన్నట్టుండి ఆ సందు మూసుకుపోయినట్టు కనిపించింది, లేచి, "ఆపవే!" అని ఒక్క కేక పెట్టింది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ గొంతు ఆపమంటే ఆగడం అలవాటైన పిల్ల, ఆపేసింది. ఇన్‌స్పెక్టరు విజిలేశాడు. తగల్లేదు, కానీ ఆగింది, ఆగితే తప్పినట్టే. ఇంటికొచ్చాక కూతురు ఒక గ్లాసు నీళ్ళు తాగి, "ఎంత సందుందో చూశావా అమ్మా?" అని మాత్రం అడిగింది. చూడలేదు. కళ్ళు మూసుకునే అరిచింది. అందుకే ఈసారి రానన్నది. రానంటే కూతురు ఒప్పుకోలేదు: "ఇంట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువ భయపడతావు, అది నాకు అక్కడిదాకా వినిపిస్తుంది. రా. వచ్చి నోరు మూసుకుని కూర్చో." తల్లితో అనే మాటేనా అది. కానీ అనేటప్పుడు ఆమె పైట కొంగు సరిచేస్తూ అంది, అందుకని కోపం రాలేదు.

బస్సు పొగ వదిలి ముందుకి కదిలింది, మైదానం చుట్టూ ఒక చుట్టు తిరగాలి ముందు. తిరగనీ. ఎంతసేపు తిరిగితే అంతసేపు డ్రమ్ములు దూరం. ఇలాంటి డ్రమ్ములు ఆమెకి కొత్త కాదు, ఆమె పనిచేసే పార్సిళ్ళ కొట్లో వెనక గదిలో మూడున్నాయి, అట్టలు అతికించే జిగురు వాటిలోనే కలుపుతారు. ఆమె అసలు పని జిగురు కాదు, కొలత. మనిషి ఏదో వస్తువు తెచ్చి బల్ల మీద పెడతాడు, గడియారమో, కుట్టుమిషన్ తలో, ఎవరి పెళ్ళి ఫోటోనో, ఆమె దాని వంక ఒకసారి చూసి వెనక అరల్లోంచి సరిపోయే అట్టపెట్టె లాగాలి. టేపు పెట్టుకుంటూ కూర్చుంటే వరస రోడ్డెక్కుతుంది. పద్దెనిమిదేళ్ళుగా కంటితోనే. చేరిన కొత్తలో అక్కడి ముసలి మేస్త్రీ నేర్పాడు, నిలబడి పైనుంచి చూడకు, పైనుంచి చూస్తే ప్రతిదీ పొట్టిదే. పక్కనుంచి ఏటవాలుగా చూడకు, సన్నబడుతుంది. వంగి, కన్ను బల్ల అంచుకి తెచ్చి ఎదురుగా చూడు, అప్పుడు అది నీకు అబద్ధం చెప్పలేదు. ఆమె నేర్చుకుంది. కన్ను కుదిరింది. కన్ను ఏడో నంబరు పెట్టె అంటుంది, చెయ్యి మాత్రం ఎనిమిదో నంబరు లాగుతుంది. ఏమో, మూల గీసుకుంటేనో, మూత పట్టకపోతేనో. మిగిలిన ఖాళీలో పాత కాగితాలు ఉండచుట్టి కూరుతుంది, కూరి, ఊపి, చెవి ఆనించి, ఇంకో రెండు ఉండలు. ఇప్పుడున్న సూపర్‌వైజరు, కూతురి ఈడు కుర్రది, లెక్కలు చూసి ఒకసారి అన్నది: "ఆంటీ, చిన్న పెట్టెలో పెట్టి మనం పగలగొట్టింది ఒక్కటీ లేదు. పగిలినవన్నీ పెద్ద పెట్టెల్లో దొర్లి పగిలినవే. మీ భయానికి కూడా విడిగా ఒక పెట్టె తెప్పించమంటారా?" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఆ పూటంతా కన్ను చెప్పిన పెట్టే లాగి, మర్నాటి నుంచి మళ్ళీ ఎనిమిదో నంబరుకే పోయింది.

భయం ఎప్పుడు మొదలైందో ఆమెకి రోజుతో సహా తెలుసు. ఎనిమిదో నెలలోనే పుట్టేసింది పిల్ల. ఆసుపత్రిలో నర్సు పొత్తిగుడ్డలో పెట్టి తెచ్చి, "ఇదిగోనమ్మా, గుప్పెడు," అంది, బియ్యం కొలిచి ఇస్తున్నట్టు. ఆయన, అంటే పిల్ల తండ్రి, గోడలకి రంగులేసే మనిషి, ఏ గోడనైనా చూసి ఎన్ని డబ్బాలు పడుతుందో చెప్పేవాడు, పిల్లను చూసి ఏమీ చెప్పలేకపోయాడు. గోళ్ళ సందుల్లో రంగున్న అరచేతిని దాని పక్కన పెట్టి చూసుకున్నాడు, అరచెయ్యే పెద్దది. అప్పటి నుంచి ఇంట్లో దాని పేరు గుప్పెడే. ఆమె దాని పాదం పక్కన తన వేళ్ళు ఆనించింది, మూడు వేళ్ళ వెడల్పంత ఉంది పాదం, మూడే. దుప్పటి మడత పక్కకి జారితే అందులో తప్పిపోతుందేమో అనిపించేది. ఆ రోజు నుంచి గదిలో ఉన్నవన్నీ పెరిగిపోయాయి. గడప ఎత్తయింది. మంచం మేడయింది. బకెట్లో నీళ్ళు నుయ్యంత లోతు. చీమ వచ్చినా చీమంత రాలేదు. ఎదురింటావిడ, "గోరంతని కొండంత చేస్తావేంటమ్మా," అనేది, గోరంత ఎక్కడుందో చూపించమని ఆమెకి అనాలనిపించేది, నాకు కనబడితే కదా.

అందుకే అన్నీ ఒక నంబరు పెద్దవి కొనేది, పెరుగుతుంది కదా అని. పెరగాలి కదా అని. గౌను మోకాలు దాటేది, స్వెట్టరు చేతులు రెండు మడతలు. బూట్లయితే ముందు భాగంలో దూది. అయిదో ఏట ఆ దూది బూట్లతోనే స్కూలు మెట్ల మీద బొక్కబోర్లా పడింది, గడ్డం చీలింది, మూడు కుట్లు. ఆ గీత ఇప్పటికీ ఉంది, నవ్వితే తెల్లగా కనిపిస్తుంది. బూటు పెద్దదై పడిందని డాక్టరు అన్నాడు. మెట్టు ఎత్తు ఎక్కువ కాబట్టి పడిందని ఆమె అంది. అయినా ఆ తర్వాత అలా జరగలేదు, విచిత్రం, మళ్ళీ ఎన్ని జతలు కొన్నా కొన్న ఒకటి రెండు రోజులకే పిల్ల పాదానికి కుదిరిపోయేవి. కొన్న రోజు సాయంత్రం ఆయన, "గుప్పెడూ, పద, కొత్త బూట్లు కదా, నాలుగు వీధులు నడిస్తే కాళ్ళు కుదురుకుంటాయి," అని దాన్ని బయటికి తీసుకెళ్ళేవాడు, తిరిగొచ్చేసరికి పిల్ల టకటకా నడుస్తూ వచ్చేది. చూశారా, అనేది ఆమె, పెద్దవి అన్నారు, చూడండి ఎలా పట్టాయో, నా అంచనా అంటే ఏమనుకున్నారు. నీ అంచనాకేమిటి, అనేవాడాయన, రంగు డబ్బా మూత వేసుకుంటూ.

అక్కడే, ఆయన మూత మీద సుత్తితో కొడుతున్న ఆ జ్ఞాపకం మధ్యలోనే, ఆమె చేతిసంచి జిప్పు సగంలో వదిలేసింది. బూట్లు. నాలుగు రోజుల క్రితం పరీక్ష కోసమని కొట్లో బేరమాడి తనే కొన్నది, నల్లవి, తోలువి, ఆరో నంబరు. కూతురిది అయిదు. అమ్మేవాడు అయిదు తీస్తే తనే వద్దని ఆరు తీయించింది, దూది పెట్టి మరీ ఇచ్చింది. పొద్దున గుమ్మంలో, "దూది ఉందా?" అని అడిగితే, కూతురు లేసులు కట్టుకుంటూ తల ఎత్తకుండా, "ఆఁ," అంది. ఇప్పుడు ఆ కాలు బ్రేకు మీద ఉంది. దూది నొక్కుకుపోతుంది. బూటు నొక్కుతుంది గానీ కాలు నొక్కదు, కాలికీ బూటుకీ మధ్య దూదంత ఆలస్యం. లేకపోతే బూటు కొస పక్కనున్న దానికి తగులుతుంది, పక్కనుండేది ఏమిటి, వేగం పెంచేది. ముసలి మేస్త్రీ లేడు, ఉంటే అడిగేది. మొదటిసారి నోటితో తప్పించింది, ఈసారి దూదితో. ఇన్‌స్పెక్టరు దగ్గరికి పరిగెత్తి, అయ్యా, ఒక్క నిమిషం, దాని బూట్లు విప్పించండి అని చెబుదామా. చెబితే ఏమంటారు. పరీక్ష మధ్యలో బండి ఆపించినట్టే కదా.

బస్సు చుట్టు తిరిగి వచ్చి వీపు ఇటు తిప్పి నిలబడింది. ఇక కూతురు కనిపించదు. ముడి లేదు, నుదురు లేదు, ఒక పెద్ద రేకు గోడ, రెండు ఎర్ర దీపాలు. విజిల్ పడింది. గోడ కదిలింది, ఇటే వస్తోంది, వస్తున్నకొద్దీ పెరుగుతోంది. దగ్గరికొచ్చేది పెరిగినట్టే ఉంటుందని ఆమెకి తెలుసు, తెలిసినా పెరుగుతూనే ఉంది. డ్రమ్ములు పెరగడం లేదు. వాటి మధ్య సందు మాత్రం తగ్గుతోంది, జానెడు కాదు, ఏమీ లేదు అక్కడ, ఆ టేపు తప్పు, లేకపోతే పొద్దున్నుంచి ఎవరో డ్రమ్ము జరిపారు, పట్టదు, పట్టనే పట్టదు, పద్దెనిమిదేళ్ళ కన్ను చెబుతోంది. పెదవులు విడిపోయాయి. "ఆపవే"లోని "ఆ" వచ్చి నాలుక మీద కూర్చుంది.

చంద్రుడు ఎందుకు గుర్తొచ్చాడో. కూతురికి పదేళ్ళు, సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నారు ఇద్దరూ. నీళ్ళ ట్యాంకు పక్కనుంచి చంద్రుడు లేచాడు, ఎర్రగా, బండి చక్రమంత, మీద పడేటట్టున్నాడు. ఆమె నిజంగానే పిల్లను దగ్గరికి లాక్కుంది. గుప్పెడు విడిపించుకుని, స్కూల్లో చెప్పారని, నోటుపుస్తకంలో కాగితం చింపి గొట్టంలా చుట్టి ఇచ్చింది. "ఒక కన్ను మూసి ఇందులోంచి చూడు. ట్యాంకు కనిపించకూడదు, మేడలు కనిపించకూడదు, అదొక్కటే." చూసింది. చంద్రుడు చిక్కిపోయాడు. గొట్టం తీస్తే పెద్ద, పెడితే చిన్న. తీసి, పెట్టి, తీసి. "ఎప్పుడూ అంతే ఉంటాడమ్మా. చుట్టూ ఉన్నవి చూసి మనమే పెంచుతాం." చొక్కా గుండీ చెయ్యి చాపి పట్టుకుంటే దాని వెనక మొత్తం చంద్రుడు దాక్కుంటాడని కూడా చూపించింది. ఆ గుండీ తెగిపడిపోతుంది, లాగకే, అంది ఆమె అప్పుడు.

చేతిసంచిలో ఉండాల్సిన పరీక్ష ఫీజు రశీదు చేతిలో ఉంది. అదెప్పుడు గొట్టంలా చుట్టిందో తెలీదు. లేచి నిలబడింది, పక్కనున్న పెద్దమనిషి, "ఏమ్మా?" అన్నాడు, ఆమె కంచె పట్టుకుని పక్కకి నడిచింది. ఏటవాలుగా చూడకు. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగో అడుక్కి డ్రమ్ముల మధ్య వెలుగొచ్చింది. ఎనిమిదో అడుక్కి వెడల్పయింది. పదో అడుగులో ఎదురుగా ఉంది, రెండు డ్రమ్ములూ, మధ్యలో దారీ, దారిలోకి వస్తున్న బస్సూ. ఉంది. సందు ఉంది. ఎక్కడికీ పోలేదు, తనే పక్కన కూర్చుంది. కానీ బస్సు నడిమధ్యన లేదు, ఎడమకి ఒరిగి వస్తోంది, ఆ వైపు డ్రమ్ము మీదికే, "ఆ" ఇంకా నాలుక మీదే ఉంది. మోకాళ్ళు వంచి, కంటిని డ్రమ్ము నడుం ఎత్తుకి తెచ్చి, రశీదు గొట్టం కంటికి పెట్టుకుని రెండో కన్ను మూసింది. రెండు చేతులూ గొట్టం పట్టుకోవడానికే సరిపోయాయి.

గుండ్రటి చీకట్లో బస్సు లేదు. కూతురు లేదు, బూట్లు లేవు, ఉద్యోగం లేదు. ఎర్ర డ్రమ్ము అంచు, దాని నడుం మీద ఉబ్బెత్తు పట్టీ, పక్కన రేకు అంచు, రెంటి మధ్యా నిలువుగా వెలుతురు గీత. డ్రమ్ము పట్టీ నాలుగు వేళ్ళ వెడల్పుంటుంది. కొట్లో ఆ పట్టీల మీద జిగురు ఎండిపోతే రోజూ గీకేది తనే. వెలుతురు ఆ పట్టీ అంత ఉంది. పట్టీ అంతే ఉంది. రేకు జారుతోంది, కిటికీ వెళ్ళింది, ఇంకో కిటికీ, చక్రం నల్లగా వచ్చి వెళ్ళింది, వెలుతురు సన్నబడలేదు, పట్టీ అంతే. ఎవరైనా విజిలేశారా. వెయ్యలేదు. ఇంకో చక్రం. తర్వాత ఎర్ర డ్రమ్ము పక్కన మామూలు ఆకాశం.

ఇంజను ఆగింది. మైదానం మళ్ళీ మైదానమంత అయింది. ఇన్‌స్పెక్టరు తెల్ల గీత దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు, చూసి, కాగితం మీద ఏదో రాసి, కిటికీలోకి చెయ్యి చాపి ఇచ్చాడు. చేటంత చేతిలోంచి ఒక చిన్న చెయ్యి అందుకుంది.

"అయిపోయిందమ్మా, పాసయ్యింది మీ పాప," అన్నాడు పెద్దమనిషి వెనకనుంచి. "ఇంక లేవండి, అలా వంగున్నారేంటి?"

లేవలేదు. కూతురు బస్సు మెట్ల మీంచి దూకి కంచె దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది, ఆమె వంగినదల్లా పూర్తిగా కూర్చుని, కంచె కిందినుంచి చెయ్యి దూర్చి కూతురి బూటు కొసని బొటనవేలితో నొక్కింది, కొట్లో నొక్కినట్టే. తోలు కింద దూది లేదు. వేలు ఉంది. అక్కడే, కొసకి అర వేలు దూరంలో, కదులుతోంది.

"ఇది అయిదు," అంది.

"అయిదేనమ్మా."

"నేను కొన్నది ఆరు."

కూతురు రొప్పుతూ నవ్వింది, గడ్డం మీద గీత తెల్లబడింది. "కొన్న సాయంత్రమే నాన్నా నేనూ వెళ్ళి మార్చుకొచ్చాం. ఆ కొట్టతనికి అలవాటే. నువ్వు ఆరు అనగానే అయిదు కూడా తీసి పక్కన పెడతాడు."

"మరి కాలేజీకి వేసుకున్న తెల్లవో?"

"అవీ."

"స్కూలువి?"

"గడ్డం పగిలినప్పటి నుంచి అన్నీనమ్మా. స్వెట్టర్లు కూడా. లే, మట్టి అంటుకుంటుంది."

ఆమె లేవలేదింకా. పందొమ్మిదేళ్ళ బూట్లు వరసగా పెట్టుకుని చూసింది మనసులో, ఒక్కొక్క జతా ఒక నంబరు తగ్గింది. ఆయన రంగు డబ్బా మూత వేసుకుంటూ, నీ అంచనాకేమిటి. దొంగ. ఇంటికెళ్ళి అడగాలి. అడిగితే ఇంకా ఏమేమి బయటపడతాయో, అడక్కపోతేనే మంచిదేమో, కానీ డ్రైవరుద్యోగమంటే పొద్దున నాలుగింటికి డ్యూటీ, ఆ వేళ రోడ్డు మీద లారీలు ఎంత పెద్దవి తిరుగుతాయో.

"అమ్మా, ఒకటి చెప్పు," కూతురు కంచెకి ఆనుకుని గొంతు తగ్గించింది. "చివర్లో ఎడమవైపు డ్రమ్ము నాకు అద్దంలోంచి పోయింది. కనిపించలేదు. ఊరికే నమ్మి వచ్చేశాను. నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా, ఎంత మిగిలింది ఆ వైపు?"

ఆమె చెయ్యి పైకెత్తింది. నాలుగు వేళ్ళూ దగ్గరగా ఉన్నాయి, మట్టితో. అలవాటు కొద్దీ అందులో రెండు మడవబోయింది, ఇంకోసారి జాగ్రత్తగా ఉంటుంది కదా అని. వేళ్ళు సగం వంగాయి కూడా. కూతురు ఆ చేతినే చూస్తోంది.

వంగిన రెండు వేళ్ళూ మళ్ళీ నిటారుగా తెచ్చి, చెయ్యి కంచె సందులోంచి దాటించి, కూతురి కళ్ళ ఎదురుగా పట్టింది.

"ఇంత," అంది.